లక్ష దాటిన చైనా సీడీ ప్లేయర్‌ని ఎలా పరీక్షించాలి? చేతులు కాలాక నేర్చుకున్న పాఠం

మా మావయ్య లెక్చరర్‌గా చేసి రిటైరై తెనాలిలో ఉంటున్నారు. ఇంట్లో రెండు బీరువాల నిండా సీడీలే. బాలమురళి కచేరీలు, వీణ, నాదస్వరం, ఘంటసాల పాటలు... ముప్ఫై ఏళ్లుగా ఒక్కొక్కటిగా కొని పోగేసినవి. పోయినేడాది పాత ప్లేయర్ పాడయ్యాక ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు రోజూ ఫోన్లు రివ్యూ చేస్తావుగా. నాకో మంచి సీడీ ప్లేయర్ చూసిపెట్టు. మళ్లీ మళ్లీ కొనే ఓపిక లేదు, ఇదే ఆఖరుది" అన్నారు.

హైదరాబాద్‌లో ఆడియో సామాను దిగుమతి చేసి అమ్మే ఒకాయన దగ్గరికి వెళ్లాను. పైన నాలుగు ట్యూబులు వెలుగుతూ, వేలెడు మందం అల్యూమినియంతో ఒక చైనా ప్లేయర్ కనిపించింది. ఇద్దరు పట్టుకుని లేపాల్సినంత బరువు. దాని పక్కనే పెట్టి పోల్చడానికి మా ఫ్రెండ్ దగ్గరున్న ఓ సాదా ప్లేయర్ తీసుకెళ్లాను. అదీ చైనాలో తయారైందే, ధర దీంట్లో సగం. మూడు పాటలు విన్నాను. మూడింట్లోనూ ట్యూబుల ప్లేయరే గెలిచింది. గొంతు ముందుకొచ్చినట్టు, మృదంగం నిండుగా ఉన్నట్టు అనిపించింది. "ఇదే తీసుకోండి మావయ్యా" అని చెప్పేశాను. 1,40,000 రూపాయలు.

ఆరు వారాల తర్వాత మావయ్య ఫోన్. "బాగానే ఉందిరా, కాకపోతే పాత సీడీలు మధ్యలో ఎగిరిపోతున్నాయి." అప్పుడు కూర్చుని, మొదటి రోజే చెయ్యాల్సిన పరీక్షలన్నీ చేశాను. నా తీర్పు దాదాపు మొత్తం తప్పని తేలింది. మీరు ఆ తప్పు చెయ్యకూడదనే ఈ పాఠం.

ఫోన్ల సైట్‌లో సీడీ ప్లేయర్ ఏంటి?

మన చేతిలో ఉన్న ఫోన్లకీ ఈ పెట్టెలకీ చుట్టరికం ఉంది. ఒప్పో అంటే మనకి ఫోన్లే గుర్తొస్తాయి. కానీ అమెరికాలో ఒప్పో డిజిటల్ పేరుతో వచ్చిన డిస్క్ ప్లేయర్లకి ఆడియో ప్రియుల్లో పెద్ద పేరుంది. బీడీపీ-105, యూడీపీ-205 లాంటి మోడళ్లని చాలామంది సంగీతం వినడానికే కొన్నారు. వన్‌ప్లస్ మొదలుపెట్టిన పీట్ లౌ అంతకుముందు ఒప్పోలో బ్లూ-రే విభాగం చూసిన మనిషే. 2012లో వివో ఎక్స్1 ఫోన్‌లో సిరస్ లాజిక్ కంపెనీ సీఎస్4398 డాక్ చిప్ పెట్టారు. అప్పట్లో అదే చిప్ ఖరీదైన సీడీ ప్లేయర్లలోనూ ఉండేది. డాక్ అంటే డిజిటల్ అంకెల్ని మనం వినగలిగే సిగ్నల్‌గా మార్చే భాగం.

ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. 2018 ఏప్రిల్‌లో ఒప్పో డిజిటల్ కొత్త ఉత్పత్తులు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ప్లేయర్ ఎంత మంచిదైనా, దాని వెనకున్న కంపెనీ ఆ వ్యాపారంలో ఎన్నాళ్లుంటుందన్నది కూడా మనం కొనే వస్తువులో భాగమే.

"మేడ్ ఇన్ చైనా" అంటే ఒకటే రకం కాదు

మొదటి రకం, చైనా సొంత బ్రాండ్లు. షెంజెన్‌లో 1988లో పుట్టిన షాన్‌లింగ్, జుహాయ్‌కి చెందిన కాయిన్ లాంటివి. 2000ల మొదట్లో షాన్‌లింగ్ సీడీ-టీ100 అనే ప్లేయర్, పైకి కనిపించే ట్యూబులతో, ఆ ఆకారంతో యూరప్, అమెరికాల్లో చైనా హై-ఫై గురించి మాట్లాడుకునేలా చేసింది. పోర్టబుల్ ప్లేయర్లతో మనకి తెలిసిన గ్వాంగ్‌జౌ కంపెనీ ఫియో కూడా ఇప్పుడు సీడీ ప్లేయర్లు చేస్తోంది.

రెండో రకం, పేరు బ్రిటన్‌ది, యాజమాన్యం చైనాలో. క్వాడ్, వార్ఫ్‌డేల్, ఆడియోల్యాబ్ మూడూ షెంజెన్ కేంద్రంగా ఉన్న ఐఏజీ గ్రూప్ చేతిలో ఉన్నాయి. డిజైన్‌లో చాలా భాగం ఇంగ్లండ్‌లో జరుగుతుంది, తయారీ చైనాలో సొంత ఫ్యాక్టరీల్లో.

మూడో రకం, యూరప్ కంపెనీ డిజైన్ ఇచ్చి చైనా ఫ్యాక్టరీలో చేయించుకునేవి.

కాబట్టి "చైనాదా? అయితే వద్దు" అనే మాటకీ, "అదే ధరకి చైనాది రెండింతలు ఇస్తుంది" అనే మాటకీ పెద్ద అర్థం లేదు. నన్ను ఇబ్బంది పెట్టింది చైనాదే, చివరికి మమ్మల్ని ఒడ్డున పడేసిందీ చైనాదే. తేడా ఎక్కడుందో చూడాలంటే ముందు ప్లేయర్ ఏం పని చేస్తుందో తెలియాలి.

లోపల జరిగేది ఇదీ

1982లో జపాన్‌లో మొదటి సీడీ ప్లేయర్ సోనీ సీడీపీ-101 అమ్మకానికి వచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా సీడీ ఫార్మాట్ మారలేదు. సెకనుకి 44,100 శాంపిల్స్, ఒక్కో శాంపిల్ 16 బిట్లు, రెండు చానళ్లు. ఈ అంకెలన్నీ 1.6 మైక్రాన్ల ఎడంతో తిరిగే సన్నటి సర్పిలంలో గుంటల రూపంలో ఉంటాయి. 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లేజర్ వాటిని చదువుతుంది. డిస్క్ లోపలి అంచు దగ్గర నిమిషానికి దాదాపు 500 చుట్లు, బయటి అంచుకొచ్చేసరికి 200 చుట్లు తిరుగుతుంది.

ప్లేయర్ చేసే పనులు నాలుగు:

1. డిస్క్‌ని తప్పు లేకుండా చదవడం. లేజర్, మోటార్, సర్వో కలిసి చేసే పని ఇది.
2. చదివిన అంకెల్ని డాక్‌తో సిగ్నల్‌గా మార్చడం.
3. ఆ సిగ్నల్‌ని ఆంప్లిఫయర్‌కి సరిపడా బలంతో పంపడం. ట్యూబులు ఉంటే సాధారణంగా ఇక్కడే ఉంటాయి.
4. పై మూడింటికీ శుభ్రమైన కరెంటు ఇవ్వడం.

ప్రకటనల్లో ఎక్కువగా వినిపించేది రెండో పని గురించే. "ఫలానా ఫ్లాగ్‌షిప్ చిప్ ఉంది" అంటారు. ఫోన్ కెమెరాల్లో మెగాపిక్సెల్ లాంటిదే ఈ కథ. సీడీలో ఉన్నది 16 బిట్లు. లెక్క ప్రకారం దాని సిగ్నల్‌కీ నాయిస్‌కీ మధ్య ఎడం దాదాపు 98 డెసిబెల్స్. ఈనాటి మధ్య రకం డాక్ చిప్పులు కూడా 115, 120 దాటేశాయి. అంటే సీడీ వరకు చూస్తే చిప్ ఎప్పుడో సరిపోయింది. 130 ఇచ్చే చిప్ పెట్టినా డిస్క్‌లో లేనిది బయటికి రాదు. చిప్ చుట్టూ ఉన్న సర్క్యూట్, పవర్ సప్లై ఎలా ఉన్నాయన్నది వేరే విషయం. అది చిప్ పేరు చూస్తే తెలియదు.

చిప్ గురించి ఇంకో జాగ్రత్త. 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నొబెయొకాలో ఏకేఎం చిప్ ఫ్యాక్టరీ కాలిపోయింది. ఆ చిప్పులు దొరక్క చాలా ఆడియో కంపెనీలు ఈఎస్ఎస్ లాంటి వేరే కంపెనీల చిప్పులకి మారాయి. అందుకే మీరు చదివిన రివ్యూ ఏ వెర్షన్‌దో, మీకు అమ్ముతున్నది ఏ వెర్షన్‌దో సరిచూసుకోండి.

పరీక్ష 1: దెబ్బతిన్న డిస్క్ చదువుతుందా?

నేను అసలు చెయ్యని పరీక్ష ఇదే. షోరూమ్‌లో వాళ్లిచ్చిన తళతళలాడే సీడీలతో విన్నాను. మావయ్య సీడీలు అలా ఉండవుగా!

సీడీలో తప్పులు దిద్దుకునే ఏర్పాటు ముందే ఉంది. ట్రాక్ వెంబడి దాదాపు 2.5 మిల్లీమీటర్ల దాకా డేటా పోయినా మిగతా సమాచారంతో దాన్ని పూర్తిగా తిరిగి కట్టొచ్చు. అంతకు మించితే ప్లేయర్ అటూఇటూ ఉన్న శాంపిల్స్ చూసి మధ్యది ఊహిస్తుంది. అదీ కుదరకపోతే శబ్దం ఆపేస్తుంది, లేదా ఎగిరిపోతుంది. ఆ హద్దు దాకా ప్లేయర్ నిజంగా వెళ్తుందా అన్నది లేజర్, సర్వోల సత్తా మీద ఉంటుంది.

ఇంట్లో ఇలా చూడండి. పనికిరాని ఖాళీ సీడీ-ఆర్ మీద ఒక ఆల్బమ్ కాపీ రాయండి. నల్ల ఇన్సులేషన్ టేప్‌ని 1 మిల్లీమీటర్ వెడల్పు సన్నటి పట్టీగా కోసి, మెరిసే వైపు, మధ్య రంధ్రం వైపు నుంచి అంచు వైపుకి నిలువుగా గట్టిగా అంటించండి. లేజర్ ప్రతి చుట్టులో ఆ పట్టీ దాటాల్సిందే. పాడితే 2 మిల్లీమీటర్ల పట్టీతో మళ్లీ చూడండి.

రెండు హెచ్చరికలు. ఈ డిస్క్‌ని ట్రే ఉన్నవాటిలో, పైమూత తెరిచేవాటిలో మాత్రమే పెట్టండి. డిస్క్‌ని లోపలికి లాక్కునే స్లాట్ ప్లేయర్లో వద్దు. కంప్యూటర్ డ్రైవ్‌లో అసలే వద్దు, అది చాలా వేగంగా తిప్పుతుంది.

నా ఫలితం: సాదా ప్లేయర్ 2 మిల్లీమీటర్ల పట్టీని కూడా తడబడకుండా దాటింది. 1,40,000 రూపాయల ప్లేయర్ 1 మిల్లీమీటర్ దగ్గరే ఎగిరింది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే.

పరీక్ష 2: వాల్యూమ్ సమానం చేశాకే వినండి

నన్ను మోసం చేసింది నా చెవే. రెండు శబ్దాల్లో ఒకటి కొంచెం పెద్దగా ఉంటే, మనకి అది "పెద్దగా ఉంది" అని తెలియదు. "బాగుంది, నిండుగా ఉంది" అనిపిస్తుంది. సీడీ ప్లేయర్ల అవుట్‌పుట్ సాధారణంగా 2 వోల్టులు. కొన్ని అంతకన్నా ఎక్కువ ఇస్తాయి. బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్ఆర్ సాకెట్ అయితే మామూలుగా 4 వోల్టులు, అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ. ఒకదాన్ని ఆర్‌సీఏలో, ఇంకోదాన్ని ఎక్స్‌ఎల్ఆర్‌లో పెట్టి పోలిస్తే ఆ పోలికకి విలువే లేదు.

కొలవడం కష్టమేం కాదు. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో 100 హెర్ట్జ్ టోన్ చేసి సీడీ-ఆర్ మీద రాయండి. చవక మల్టీమీటర్లు 1,000 హెర్ట్జ్ దగ్గర సరిగా చూపించకపోవచ్చు గానీ, 100 దగ్గర బాగానే చూపిస్తాయి. టోన్ పాడుతుండగా స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టేజ్ చూడండి. మొదటి ప్లేయర్‌తో వాల్యూమ్ తిప్పి 1.00 వోల్టుకి తెచ్చి, నాబ్ దగ్గర చిన్న కాగితం ముక్క గుర్తుగా అంటించండి. రెండో ప్లేయర్‌తో మళ్లీ 1.00కి తెచ్చి ఇంకో గుర్తు. 0.99 నుంచి 1.01 లోపు వచ్చిందంటే తేడా 0.1 డెసిబెల్ లోపే. ఇక వినడం మొదలుపెట్టొచ్చు.

మావయ్య ట్యూబుల ప్లేయర్ అవుట్‌పుట్ కొలిస్తే 2.5 వోల్టులు. ఫ్రెండ్‌ది 2.0. అంటే దాదాపు 2 డెసిబెల్స్ తేడా. ఆ రోజు నేను "గొంతు ముందుకొచ్చింది" అన్నదాని వెనక ఉన్నది ఇదే.

సమానం చేశాక గుడ్డి పరీక్ష. ఒకే ఆల్బమ్ రెండు కాపీలు రెండింట్లో పెట్టి, ఒకేసారి మొదలుపెట్టాలి. ఏది పాడాలో ఫ్రెండ్ నాణెం ఎగరేసి నిర్ణయిస్తాడు. నేను వెనక్కి తిరిగి కూర్చుని ఏదో చెప్పాలి. 10 సార్లు చేస్తే కనీసం 9 సరిగ్గా చెప్పాలి. ఊరికే ఊహించి 9 లేదా అంతకన్నా ఎక్కువ తెచ్చుకునే అవకాశం 100లో ఒకటి మాత్రమే. నాకు 6 వచ్చాయి. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తాయి.

ఇది చూసి "ప్లేయర్లన్నీ ఒకటే" అనెయ్యకండి. ఆ గదిలో, ఆ స్పీకర్లతో, ఆ రెండింటి మధ్య తేడా నేను పట్టుకోలేకపోయాను, అంతే. కానీ నేను పట్టుకోలేని తేడాకి మావయ్య చేత అదనంగా 70,000 పెట్టించాను. దానికి నా దగ్గర సమాధానం లేదు.

పరీక్ష 3: ఏ పాటలతో వినాలి?

షోరూమ్ వాళ్ల డెమో డిస్క్ వద్దు. మీకు కంఠతా వచ్చిన సంగీతం తీసుకెళ్లండి. నేను ఇప్పుడు వాడేవి ఇవి:

- కచేరీ సీడీలో తంబురా ఒక్కటే వినిపించే చోటు. వెనక సన్నటి హమ్, బుస ఉంటే ఇక్కడే దొరికిపోతుంది.
- వీణ మీటు. మీటాక ఆ నాదం సన్నగిల్లి ఆగిపోయేదాకా సాఫీగా ఉందా, మధ్యలో గరగరమంటోందా?
- మృదంగం ఎడమ వైపు, తొప్పి. బరువుగా వినిపించడం ఒకటే కాదు, దెబ్బ పడి ఆగడం కూడా వినిపించాలి.
- పాత మోనో సినిమా పాట. గొంతు రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో నిలబడాలి. ఒక పక్కకి జరిగిందంటే చానళ్ల సమతూకంలో లోపం. స్పీకర్ వైర్లు అటూఇటూ మార్చి చూస్తే లోపం ప్లేయర్‌దా స్పీకర్‌దా తెలుస్తుంది.
- ఆలాపన ఒక ట్రాక్, కీర్తన తర్వాతి ట్రాక్‌గా ఆగకుండా సాగే కచేరీ. ట్రాక్ మారేచోట చిన్న ఖాళీ గానీ టిక్కుమనే శబ్దం గానీ రాకూడదు.

1980ల నాటి కొన్ని సీడీల్లో ప్రీ-ఎంఫసిస్ అనే పద్ధతి వాడారు. రికార్డింగ్‌లో పై స్థాయి శబ్దాల్ని పెంచి రాసేవారు, ప్లేయర్ తిరిగి తగ్గించాలి. ఈ కాలపు ప్లేయర్లలో, ట్రాన్స్‌పోర్టుల్లో కొన్ని ఆ పని చెయ్యవు. మీ పాత జపాన్ ప్రింట్ సీడీ ఒకటి కొత్త ప్లేయర్లో మరీ పదునుగా వినిపిస్తే ఈ అనుమానం పెట్టుకోండి.

ఇంకోటి మన దగ్గర ప్రత్యేకం. ఒకే డిస్క్‌లో వంద పాటలు వచ్చే ఎంపీ3 సీడీలు ఇళ్లలో ఇంకా ఉన్నాయి. హై-ఎండ్ ప్లేయర్లు చాలావరకు వాటిని చదవవు, మామూలు ఆడియో సీడీ మాత్రమే పాడతాయి. మావయ్య దగ్గర అలాంటివి పాతిక పైనే ఉన్నాయి. నేను అడగలేదు, అమ్మినాయన చెప్పలేదు.

పరీక్ష 4: ట్యూబులు, కరెంటు

ట్యూబుల వెలుగు బాగుంటుంది, కాదనను. అవి శబ్దానికి కొద్దిగా తమ రంగు పూస్తాయి, కొందరికి అది నచ్చుతుంది. నచ్చితే కొనండి. కానీ వేడి, అరుగుదల, మార్చే ఖర్చు లెక్కలో వేసుకోండి. చైనా ప్లేయర్లలో కనిపించే 6ఎన్3 ట్యూబుకి దగ్గరి జోడీ 5670. చూడ్డానికి ఒకేలా ఉందని 6922 పెట్టకండి, పిన్నుల అమరిక వేరు.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. చైనాలో ఇళ్లకిచ్చేది 220 వోల్టులు, మన దగ్గర 230. మన ఊళ్లలో అర్ధరాత్రి లోడు తగ్గాక 245 దాకా పోవడం చాలామంది చూసే ఉంటారు. చైనా లోకల్ మార్కెట్ కోసం చేసిన ప్లేయర్‌ని దొడ్డిదారిన తెప్పించుకుంటే, 245 దగ్గర లోపలి వోల్టేజీలు 11 శాతం పెరుగుతాయి. 6.3 వోల్టుల ట్యూబు హీటర్‌కి రెగ్యులేటర్ లేకపోతే 7 వోల్టులు అందుతాయి. సాధారణంగా అనుమతించే 10 శాతం హద్దు దాటినట్టే. ట్యూబు ఆయుష్షు తగ్గుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది. వెనక స్టిక్కర్ మీద 230 అని ఉందో లేదో చూడండి. కొన్నింటికి అడుగున 110/220 స్విచ్ ఉంటుంది. ప్లగ్ పెట్టక ముందే అది ఎటుందో చూసుకోండి.

ఒక గంట పాడనిచ్చి, డిస్క్ ఆపేసి, మీరు మామూలుగా వినే వాల్యూమ్‌లో స్పీకర్ దగ్గర చెవి పెట్టండి. తర్వాత ప్లేయర్ దగ్గర చెవి పెట్టండి. నిశ్శబ్దంగా ఉండాలి.

అసలైన ప్రశ్న: లేజర్ పోతే?

సీడీ ప్లేయర్లో ముందు అరిగేది చిప్ కాదు, లేజర్ హెడ్. ఫోన్‌లో బ్యాటరీ ఎలాగో ఇది అలాగ. ఒకప్పుడు ఖరీదైన ప్లేయర్లు ఎన్నో ఫిలిప్స్ సీడీ-ప్రో2 మెకానిజం మీద ఆధారపడ్డాయి. దాని తయారీ ఆగిపోయాక, లక్షలు పోసి కొన్నవాళ్లు కూడా విడిభాగం కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. అందుకే అమ్మేవాళ్లని ఈ నాలుగూ అడగండి:

1. లోపలున్న లేజర్ హెడ్ మోడల్ నంబర్ ఏంటి? అది విడిగా దొరుకుతుందా?
2. వారంటీ ఇస్తున్నది ఇండియా డిస్ట్రిబ్యూటరా, లేక మీ దుకాణమా?
3. రిపేర్ ఇక్కడే చేస్తారా, చైనాకి పంపాలా? పంపితే రానుపోను ఖర్చు ఎవరిది?
4. నా సీడీలు చదవకపోతే ఎన్ని రోజుల్లోపు వెనక్కి తీసుకుంటారు?

సమాధానాలు నోటి మాటగా కాదు, బిల్లు మీద రాయించుకోండి. నేను రెండోది కూడా అడగలేదు. దొడ్డిదారి సరుకు కావడంతో మావయ్య ప్లేయర్‌కి ఇక్కడ వారంటీ లేదు. లేజర్ తెప్పిస్తానన్న అమ్మకందారు మూడు నెలలు "ఈ వారం వచ్చేస్తుంది" అంటూనే ఉన్నాడు.

పాతది కొంటుంటే ఇంకో చిట్కా. లేజర్ బలహీనపడితే, ప్రెస్ చేసిన సీడీలు పాడుతూనే సీడీ-ఆర్‌లు తడబడటం మొదలవ్వొచ్చు. కాబట్టి ఒక సీడీ-ఆర్ జేబులో వేసుకుని వెళ్లండి. మొదటి ట్రాక్ ఒక్కటే కాదు, చివరి ట్రాక్ కూడా పెట్టి చూడండి.

ఒకే పెట్టెనా, రెండా?

డిస్క్ చదివే ట్రాన్స్‌పోర్ట్ ఒక పెట్టె, డాక్ ఇంకో పెట్టెగా కొనడం మరో దారి. ఆడియోల్యాబ్ 6000సీడీటీ, షాన్‌లింగ్ ఈటీ3 అలాంటి ట్రాన్స్‌పోర్టులే. లాభం ఏంటంటే లేజర్ పోతే ఒక పెట్టే మారుతుంది, డాక్ మాత్రం ఫోన్‌కీ, టీవీకీ, ల్యాప్‌టాప్‌కీ పనికొస్తుంది. రెండింటి మధ్య మామూలు కోయాక్సియల్ లేదా ఆప్టికల్ వైరు చాలు. ఐ2ఎస్ కనెక్షన్ గురించి గొప్పగా చెబుతారు గానీ, హెచ్‌డీఎంఐ సాకెట్ మీద దాని పిన్నుల అమరిక కంపెనీకో తీరు. రెండు కంపెనీల పెట్టెలు కలపాలంటే ముందే సరిచూసుకోవాలి.

నష్టం? రెండు పెట్టెలు, రెండు ప్లగ్గులు, రెండు రిమోట్లు. డెబ్బై ఏళ్ల మనిషికి అది చిన్న విషయం కాదు.

చివరికి ఏం చేశాం?

ట్యూబుల ప్లేయర్‌ని, దాని లోపం చెప్పే, 80,000కి అమ్మేశాం. 60,000 నష్టం. అందులో సగం నేను పెట్టుకున్నాను. మావయ్య వద్దన్నారు, కానీ ఆ మాట నమ్మి కొన్నది నా వల్లే కదా. తర్వాత చైనాలోనే తయారైన ఒక ట్రాన్స్‌పోర్ట్, ఒక డాక్, రెండూ ఇండియా వారంటీతో తీసుకున్నాం. మొత్తం లక్షలోపే అయింది. కొనే ముందు మావయ్య సీడీల్లో బాగా గీతలు పడిన పదింటిని సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లి, ఒక్కొక్కటి పెట్టి చూశాను. తొమ్మిది పాడాయి. పదోది నా కంప్యూటర్ డ్రైవ్ కూడా చదవలేదు, అది డిస్క్ తప్పే. మిగతావి పోకముందే అన్నిటినీ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసే పని మొదలుపెట్టాను.

రెండు రిమోట్ల సమస్యకి మావయ్యే పరిష్కారం కనిపెట్టారు. ఒక రిమోట్ బీరువాలో పెట్టేశారు.

ఇప్పుడు ఎవరైనా "బ్రో, ఈ చైనా ప్లేయర్ ఎలా ఉంది?" అని లింక్ పంపితే నేను తిరిగి అడిగేది ఒకటే: "నువ్వు వినే సీడీల్లో అన్నిటికన్నా పాడైపోయినది అందులో పెట్టి చూశావా?" బరువు, వెలుగు, చిప్ పేరు, దేశం పేరు, ఇవన్నీ ఆ తర్వాత మాట్లాడుకుందాం.